ఐదో గీత

పాము పిల్ల ఐదుసార్లు తినేదాకా దాన్ని అమ్మకూడదు, దానికి పేరు పెట్టకూడదు. ఇది బర్ల్ హాడ్లీ గారి నియమం. చట్టం కాదు గాని, టెక్సస్ కొండప్రాంతంలో పాములు పెంచే మా పదిహేను మందిమీ ఆ మాట దాటము. పిల్ల ఉన్న డబ్బా మూత మీద దాని సంఖ్య వేస్తాం, ఆ కింద తిన్న ప్రతిసారికీ ఒక నిలువు గీత గీస్తాం. ఐదోసారి తిన్ననాడు ఆ నాలుగింటి మీదుగా ఒక అడ్డగీత పడుతుంది. అడ్డగీత పడిన పిల్ల బతుకుతుందని లెక్క. అడ్డగీత పడిన పిల్ల ఇంకొకరి ఇంటికి వెళ్తుందని కూడా లెక్క.

నా పదకొండో నంబరు మూత మీద నాలుగు గీతలే ఉన్నాయి. అది తిన్నది తొమ్మిదిసార్లు.

తినని పిల్లను తిన్నదని రాసేవాళ్ళను చూశాను. తిన్న పిల్లను తినలేదని రాసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

పొలుసుల్లేని పాము కోసం ఆరేళ్ళు ఎదురుచూశాను. పైకి మామూలుగా కనిపించే ఎలుకపాముల జంట నా దగ్గర ఉంది. రెండింటి రక్తంలోనూ ఆ గుణం దాగి ఉందని విన్నాను, నమ్మాను. ప్రతి చలికాలం వాటిని చల్లని గదిలో నిద్రపుచ్చాను, ప్రతి వసంతం లేపి ఒకచోట చేర్చాను. ప్రతి ఆగస్టులో పెంకులు చీల్చుకుని వచ్చినవన్నీ పొలుసులు కప్పుకునే వచ్చాయి. ఈసారి పది గుడ్లు అలాగే పగిలాయి. రెండు రోజులు ఆలస్యంగా, ఆఖరి గుడ్డులోంచి, ఒంటి మీద ఏమీ లేకుండా ఇది వచ్చింది.

పాకడానికి కావలసిన పొట్ట కింది పలకలు తప్ప దానికి మరేమీ లేవు. ఒళ్ళు వంచితే చర్మం చిన్న చిన్న ముడతలు పడుతుంది. గోధుమరంగు మచ్చలు తడిబట్ట మీద రంగు చిందినట్టు అంచులు కరిగి ఉంటాయి. అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి నా చెయ్యి ఎక్కడ ఆగిందో, అది ఎక్కడ మొదలైందో తెలియదు.

పశువుల దాణా కొట్టులో పగలంతా నేను మాట్లాడేవి రెండే మాటలు: ఎన్ని బస్తాలు, ఏ బండిలో. సాయంత్రం ఆ రెండు మాటలూ ఉండవు. బుధవారం మాత్రం, గడ్డకట్టిన ఎలుక పిల్లను గోరువెచ్చని నీళ్ళలో మెత్తబరిచి, పటకారుతో అందిస్తూ, పదకొండో నంబరుతో మాట్లాడేదాన్ని. ఐదో బుధవారం అది తినేసి నా మణికట్టు చుట్టూ చుట్టుకుని పడుకుంది. పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

అలాంటప్పుడు దాన్ని పాముల సంతకు తీసుకురావడం ఎందుకు? చూపించాలని ఉంది, ఇవ్వాలని లేదు.

నవంబరు మొదటి శనివారం, కోడెదూడల పోటీలు జరిగే హాల్లో ఎండుగడ్డి వాసన ఇంకా పోలేదు. పక్క బల్ల బర్ల్ గారిది. డెబ్భై దాటిన మనిషి. నాకు మొదటి పామును ఇచ్చింది ఆయనే. పదకొండో నంబరును ఆయన ఒక్కసారి, దూరం నుంచే చూశారు.

"కుబుసం ఒక్కటే విడిచిందనుకున్నాను అమ్మాయ్. దీని చొక్కా కూడా విప్పించావే."

"ముట్టుకుని చూడండి బర్ల్ గారూ."

"ఎందుకులే. సిగ్గుపడుతుంది."

మధ్యాహ్నం దాకా మనుషులు వచ్చారు, వంగారు, నిటారుగా లేచారు. ఈకలు పీకిన కోడి అన్నాడొకడు. "మా ఆయన వీపే నయం" అని ఒకావిడ నవ్వుతూ భర్తను లాక్కుపోయింది. "దీనికి చలెయ్యదా? స్వెట్టరు అల్లిపెట్టండి మేడం" అని ఇంకొకడు. నేను నవ్వాను. ఇంటికి వెళ్ళాక నొప్పిపుట్టే నవ్వు అది.

రెండు గంటలప్పుడు కోరిన్ అనే ఆవిడ వచ్చింది. నాలుగు గంటలు బండి నడుపుకుని వచ్చానంది. ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని వచ్చింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని ఉన్నాయి. ఆ రెండూ చూశాక నాకు భయం వేసింది.

"నా దగ్గర ఇలాంటివి రెండున్నాయండీ" అంది, పిల్లను వేళ్ళ మధ్యగా పాకనిస్తూ. "మా చెల్లికి చూస్తేనే వాంతి. నాకేమో పొలుసులున్నవే ముసుగేసుకున్నట్టుంటాయి. మీ నీళ్ళతొట్టి అంచులు గరుగ్గా లేవు కదా? వీటి చర్మం ఊరికే గీసుకుపోతుంది."

"లేవు. అరగదీశాను."

"ఎంత చెప్తారు?"

నేను మూత చూపించాను. ఆమె గీతలు చూసింది, పిల్లను చూసింది.

"నాలుగేనా? ఒళ్ళు చూస్తే అలా లేదే. పెద్దాయనా, మీరోసారి చెప్పండి."

బర్ల్ గారు లేచి వచ్చి అరచెయ్యి చాపారు. ఆయన చేతికి తూకం రాయి అక్కర్లేదని హాలంతటికీ తెలుసు. బొటనవేలిని మెడ నుంచి తోక దాకా నెమ్మదిగా జరిపారు. నా వైపు చూశారు. నేను బల్లగుడ్డ అంచు వైపు చూశాను.

"నాలుగే" అన్నారు. "దీని ఎముక పెద్దదమ్మా. నీ ఫోను నంబరు రాసిచ్చి వెళ్ళు. మళ్ళీ ఇలాంటిది పుడితే మొదటి కబురు నీకే."

కోరిన్ నంబరు రాసింది. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు.

బర్ల్ గారు పిల్లను వెంటనే డబ్బాలో పెట్టలేదు. ఆయన బల్ల దగ్గరికి ఇద్దరు వచ్చి బేరమాడి వెళ్ళేదాకా అది ఆయన ఎడమ చేతిలోనే ఉంది.

"ఇరవై రెండేళ్ళయింది ఈ హాల్లో కూర్చోబట్టి" అన్నారు చివరికి. "ఒక్క గీత తప్పు చెప్పలేదు."

"తెలుసండీ."

"అమ్మనని చెప్పొచ్చు కదా. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అమ్మనంటే ఎందుకని అడుగుతారు."

పిల్ల ఆయన చొక్కా చేతి అంచులోకి తల దూర్చింది. దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా వెనక్కి తీసి నాకిచ్చారు.

"మెత్తగానే ఉంది" అన్నారు, ఎవరో బలవంతాన అనిపించినట్టు. "అందంగా ఉందనలేదు నేను. పెన్ను తియ్యి. ఎన్ని తిన్నదో అన్నీ గియ్యి."

ఐదో గీత అడ్డంగా గీశాను. దాని పక్కన మరో నాలుగు నిలువుగా.

"ఇప్పుడు పేరు?"

తొమ్మిది బుధవారాలు దానితో మాట్లాడాను. కొట్టు సంగతులు చెప్పాను, వాన కురవని సంగతి చెప్పాను, మా అమ్మ చివరి ఉత్తరం చదివి వినిపించాను. పిలవవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. గదిలో ఇంకెవరూ లేరు కదా.

"ఆలోచించలేదండీ" అన్నాను.

ఇంటికి ముప్పై మైళ్ళు. డబ్బాను పక్కసీటు మీద పెట్టి, వెచ్చని గాలి దానివైపు తిప్పాను. ఊరు దాటాక గొంతు సవరించుకుని ఒక పేరు పైకి అన్నాను. బాగులేదు. కంకర రోడ్డు మలుపు దగ్గర ఇంకొకటి అన్నాను.