ప్రశ్నల వీధి

కుసుమకుమారికి ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆమెకు వచ్చిన పెద్ద చిక్కు అదే. ఇంట్లో ఎవరూ పోలేదు. భర్త గుణశేఖర్ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. తాగడు, చెయ్యి చేసుకోడు, జీతం తెచ్చి ఆమె చేతిలోనే పెడతాడు. కూతురు హేమశ్రీ దువ్వాడలో డిగ్రీ చదువుతోంది. గాజువాక చినగంట్యాడలో చిన్నదో పెద్దదో సొంత ఇల్లుంది. ఇలాంటి మనిషికి దిగులేమిటని లోకం అడుగుతుంది. లోకం దాకా ఎందుకు, ఆమే తనను తాను చాలాసార్లు అడుక్కుంది.

మొదట్లో అలసట అనుకుంది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆ చుట్టుపక్కల పెళ్ళంటే పెళ్ళికూతురి జాకెట్టు ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఒక శ్రావణమాసంలో ఆర్డర్లు బాగా వచ్చాయి. కత్తిరించిన ముక్కలు కవర్లలో అలాగే ఉండిపోయాయి. ఎవరైనా వస్తే రేపు ఇస్తాననేది. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే మిషను ముందు స్టూలు మీద కూర్చునేది. ఎండ గుమ్మంలోకి వచ్చి, గుమ్మం దాటి వెళ్ళిపోయేది. ఆమె అక్కడే ఉండేది. ఏడుపు వచ్చేది కాదు. ఆలోచనలు వచ్చేవా అంటే అవీ లేవు.

ఆ మధ్యనే చోడవరంలో పిన్ని పోయింది. చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన పిన్ని. అందరూ శవం మీద పడి ఏడుస్తుంటే కుసుమకుమారి ఓ మూల కూర్చుని, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల గుట్టను చూస్తూ ఉండిపోయింది. దేని జత ఏదో కళ్ళతో వెతుక్కుంది. గట్టి మనిషని బంధువులు మెచ్చుకున్నారు. అది గట్టితనం కాదని ఆమెకు తెలుసు. కాకపోతే మరేమిటో తెలియదు.

గుణశేఖర్ తనకు తెలిసిందంతా చేశాడు. డాక్టరుకు చూపించాడు, రక్తం తీయించాడు, థైరాయిడ్ పరీక్ష చేయించాడు. రిపోర్టులు పట్టుకుని సంబరంగా ఇంటికొచ్చి అన్నీ నార్మలేనన్నాడు. అత్తగారు మెడలో తాయెత్తు కట్టించింది. పెద్ద టీవీ కొంటే బాగుంటుందేమోనని అదీ కొన్నాడు. ఆమె దాని ముందు కూర్చునేది, అది ఆగిపోయినా కూర్చునే ఉండేది. తన మీద కోపమనుకుని కొన్నాళ్ళు బతిమాలాడు. తర్వాత విసుక్కున్నాడు. ఆ తర్వాత అలవాటు పడిపోయాడు.

ఫర్హా వాళ్ళ వీధికి వచ్చింది ఆ రోజుల్లోనే. పాతబస్తీ పిల్ల. చదువు పూర్తిచేసి ఒక ట్రస్టులో పనికి కుదిరింది. ఆ ట్రస్టు మనసు జబ్బుల మీద ఒక పరిశోధన పెట్టుకుంది. ఎవరో ఒకాయన తన ఆస్తిలో ముప్పాతిక వంతు దానికి ఇచ్చేశాడని, ఆ డబ్బుతోనే ఇదంతా నడుస్తోందని ఫర్హా చెప్పింది. వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. మనసుకు వైద్యం చేసే డాక్టర్లు ఎక్కడైనా కొద్దిమందే. అందుకని వీధిలో ఉండే మామూలు ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, వారం వారం వాళ్ళచేత మాట్లాడిస్తే ఇలాంటివాళ్ళకు గుణం కనిపిస్తుందా, కనిపించదా? కనిపిస్తే మిగతా ఊళ్ళకూ ఒక దారి దొరికినట్టే.

అది తేలాలంటే కొన్ని వీధులకు ముందు మాటలు వెళ్ళాలి. మిగతా వీధులు ఏడాది ఆగాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ వీధి ఎటన్నది చీటీలు తీసి తేల్చారు. కుసుమకుమారి వీధి ఆగాల్సిన వాటిలో పడింది. ఏడాదిపాటు నెలకోసారి వచ్చి ప్రశ్నలు మాత్రం అడుగుతామని, అవసరమైతే గాజువాకలో ట్రస్టు క్లినిక్కు ఉందని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని ఫర్హా దాచకుండా చెప్పింది. పక్కవీధికి మాటలు, తమకు ప్రశ్నలు అనేసరికి వీధిలో కొందరు ఆడవాళ్ళు గొణిగారు. కుసుమకుమారి సరేనంది. వద్దనడానికైనా కాస్త ఓపిక కావాలి కదా.

అలా నెలనెలా ఫర్హా వచ్చేది. గుమ్మంలో చెప్పులు విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, ట్యాబు తెరిచేది. ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఈ రెండు వారాల్లో పనుల మీద మనసు పోలేదా? నిద్ర ఎలా ఉంది? మీరు ఎందుకూ పనికిరారని అనిపించిందా? రోజూ అనిపించిందా, అప్పుడప్పుడా? కుసుమకుమారి ఒక్కో మాటలో జవాబు చెప్పేది. ఆ ప్రశ్నలు రాసినవాళ్ళకు తన సంగతి ఎలా తెలిసిందా అని ఒకసారి అనుకుంది. ఆశ్చర్యపోవాల్సిన విషయమే. కానీ ఆశ్చర్యం కలగలేదు.

అన్నిటికంటే చివర చావు గురించి ఒక ప్రశ్న ఉండేది. మొదటి నెలల్లో దానికి లేదనే చెప్పింది. వానాకాలంలో ఒకనాడు ఫర్హా ఎప్పటిలాగే అడిగింది.

"చచ్చిపోతే బాగుణ్ణని అనిపించిందా అక్కా?"

కుసుమకుమారి కాసేపు మిషను వైపు చూసింది.

"అలగని కాదమ్మా. ఉంటే ఏటి, పోతే ఏటి, రెండూ ఒకలాగే ఉన్నాయి. మొన్న మా పిల్లకి కేరేజీ అట్టుకుని దువ్వాడ టేసనుకి ఎల్లినాను. గూడ్సుబండి ఒత్తంటే అందరూ ఎనక్కి జరిగినారు. నాకు జరగాలని అనిపించనేదు. పక్కనున్న ముసలమ్మ లాగింది."

కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఫర్హా ట్యాబు మూసి పక్కన పెట్టేసింది. ఇలాంటి మాట వినబడితే చీటీలూ వంతులూ లేవని, ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని వాళ్ళ పరిశోధనలో మొదటి నియమం. ఆ క్లినిక్కులో డాక్టరు రోజూ ఉండేలా, మందులు ఊరికే ఇచ్చేలా కూడా ఆ దాత ఇచ్చిన డబ్బుతోనే ఏర్పాటు చేశారు. ఆటోలో ఫర్హా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంది. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. మందులు ఇచ్చింది.

తిరిగి వచ్చేసరికి గుణశేఖర్ షిఫ్టు దిగి ఇంట్లో ఉన్నాడు. మందుల కవరు మీద క్లినిక్కు పేరు చదివాడు. మొహం మాడిపోయింది. తన పెళ్ళాన్ని పిచ్చాసుపత్రికి తిప్పడానికి మీరెవరని ఫర్హా మీద లేచాడు. వీధిలో తెలిస్తే రేపు పిల్లకు సంబంధం ఎలా వస్తుందన్నాడు. ఫర్హా కుసుమకుమారి వైపు తిరిగి, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని మెల్లగా అడిగింది.

కుసుమకుమారే చెప్పింది. దువ్వాడ స్టేషను, గూడ్సుబండి, ముసలమ్మ. ఫర్హాతో చెప్పినప్పటి గొంతుతోనే చెప్పింది. గుణశేఖర్ హెల్మెట్టు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత మిషను స్టూలు మీద కూలబడ్డాడు.

"నాతో ఎందుకు సెప్పనేదు?" అన్నాడు.

"నువ్వు అడగనేదు."

దెప్పిపొడుపు కాదది. అడిగినదానికి జవాబు, అంతే. మరుసటి వారం క్లినిక్కుకి అతనే బండి మీద తీసుకెళ్ళాడు. బయట బల్ల మీద కూర్చుని, పేరు పిలిచినప్పుడు తనూ లేచి లోపలికి వెళ్ళాడు.

మందులతో నిద్ర పట్టింది. అన్నం కాస్త ఎక్కువ తింటోందని అత్తగారు సంతోషించింది. కుసుమకుమారి మటుకు మునుపటి మనిషి కాలేదు. ఒడ్డున నిలబడి లోపలి మనుషుల్ని చూస్తున్నట్టే ఉండేది.

ఏడాది తిరిగాక మాటలు వాళ్ళ వీధికీ వచ్చాయి. సన్యాసమ్మ అనే పెద్దావిడకు ట్రస్టువాళ్ళు శిక్షణ ఇచ్చి పంపారు. ఆవిడ ధైర్యవచనాలు చెప్పలేదు, దేవుణ్ణి తలుచుకోమనలేదు. రేపు ఒక్క పని చెయ్యమనేది. చెయ్యాలనిపించేదాకా ఆగొద్దని, అనిపించకపోయినా చెయ్యమని చెప్పేది. మొదటి వారం కవర్లలోని ముక్కలు బయటికి తీసి ఎవరివి వాళ్ళకు సర్దడం. రెండో వారం ఒక చేతి కుట్టు. కొన్ని వారాలు కుసుమకుమారి ఏమీ చెయ్యలేదు. ఆవిడ తిట్టలేదు, మళ్ళీ వచ్చింది. దసరా వెళ్ళాక ఒక జాకెట్టు పూర్తయింది. బాగానే కుదిరింది. సంతోషం కలగలేదు. కానీ జాకెట్టు పూర్తయింది.

పరిశోధన ముగిశాక ఫలితం చెప్పడానికి పాల్గొన్న వాళ్ళందరినీ మహారాణిపేటలో ఒక హాలుకు పిలిచారు. కుసుమకుమారి, గుణశేఖర్ వెళ్ళారు. ఆడవాళ్ళతో హాలు నిండిపోయింది. గుణశేఖర్ గోడవారగా నిలబడ్డాడు. ఆమెకు చివరి వరసలో ఒక ముసలాయన పక్కన కుర్చీ దొరికింది. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు మామూలు రబ్బరు చెప్పులు. ఎవరి తాలూకో అనుకుంది.

వేదిక మీద డాక్టరమ్మ విషయం చెప్పింది. మాటలు వెళ్ళిన వీధుల్లో ఎక్కువమంది తేరుకున్నారు. అందరూ కాదు. కొందరికి ఏ మార్పూ రాలేదు, వాళ్ళకు ఇంకేం చెయ్యాలో ఇంకా వెతకాలి. ఇక ప్రశ్నలు మాత్రమే వెళ్ళిన వీధులవాళ్ళు ఏడాది ఓపిక పట్టారు గనకే ఈ సంగతి తెలిసిందని చెప్పి చేతులు జోడించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఓపిక పట్టినవాళ్ళలో తనూ ఉందని కుసుమకుమారికి కాసేపటికి గానీ తట్టలేదు. కోపం లేదు, గర్వమూ లేదు. అయితే ఉపయోగపడ్డానన్నమాట అనుకుంది.

పక్కనున్న ముసలాయన చప్పట్లు కొట్టలేదు. ఆమె వైపు వంగి, ఏ వీధి అమ్మా అని అడిగాడు. చెప్పింది. మాటల వీధా, ప్రశ్నల వీధా అన్నాడు. ప్రశ్నల వీధేనంది. ఆయన తనకొక కూతురు ఉండేదని, ఇప్పుడు లేదని చెప్పాడు. ఎలా పోయిందో చెప్పలేదు. ఆ హాల్లో చెప్పనక్కర్లేదు కూడా.

"రోజూ అడిగేవాణ్ణి తల్లీ, ఏమైందమ్మా అని. ఏమీ లేదు నాన్నా అనేది. ఎప్పుడడిగినా అదే మాట. అంత దాచుకునేంత పరాయివాణ్ణయ్యానా అని..." ఆయన మాట పూర్తిచెయ్యలేదు.

ఇదివరకైతే కుసుమకుమారి తల ఊపి ఊరుకునేది. ఆవేళ ఎందుకో ఆయనకు తెలియాలనిపించింది. ఎలా చెప్పాలో వెతుక్కుంది.

"సెయ్యి కిందెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతాది సూడండి. లేచి సూత్తే ఆ సెయ్యి మనదే. గిల్లితే తెలవదు. మనిసంతా అలగైపోద్ది బాబూ. ఏటైందని మీరడిగితే లోపల సూసుకుంటాం. అక్కడేటీ కనపడదు. అంచేత ఏటీ నేదంటాం. మీ పాప దాచనేదు. ఉన్నదే సెప్పింది."

ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలవైపు చూస్తూ ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి నేనేం అడిగుంటే చెప్పేది?"

కుసుమకుమారికి జవాబు తెలుసు. చెప్తే ఆయనకు నొప్పి పుడుతుందనీ తెలుసు. తెలియదనేస్తే సరిపోయేది. అబద్ధమాడటం ఆమెకు చేతకాలేదు.

"సచ్చిపోవాలనుందా అని నన్ను సూటిగా అడిగినారు. అప్పుడు సెప్పినాను."

ఆయన తల ఊపాడు. గడ్డం వణికింది. అది చూసి కుసుమకుమారికి గుండెలో ఎక్కడో సూది గుచ్చుకున్నట్టయింది. అంత చిన్నది, కానీ నిజంగా గుచ్చుకుంది. ఆయన చేతి మీద చెయ్యి వెయ్యాలనుకుంది. పరాయి మగవాడని ఆగి, తన నీళ్ళసీసా మూత తీసి అందించింది. ఆయన తాగాడు.

అంతలో వేదిక మీద నుంచి తిరుమలరావుగారు రెండు మాటలు చెప్పాలని పిలిచారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ముసలాయన కూర్చున్నచోటి నుంచే వద్దని చెయ్యి ఊపాడు. మళ్ళీ పిలిచారు. ఆయన లేవలేదు. డాక్టరమ్మే, కొత్త వీధుల్లో పని మొదలుపెట్టడానికి కూడా ఆయన ఒప్పుకున్నారని చెప్పి ముగించింది. భోజనాలకు లేచే సందట్లో కుసుమకుమారి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు మారాలి. సాయంకాలం రద్దీ. స్టాపులో నిలబడి గుణశేఖర్ అడిగాడు.

"ఆయన తోటి అంతసేపు ఏటి మాటాడినావ్? డబ్బులిచ్చినాయన ఆయనేనంట కదా. ఓడలకి సరుకులేసే పెద్ద యాపారం అంట."

"నాకు తెల్దు. కూతురు పోయినాయన," అంది కుసుమకుమారి.

గాజువాక బస్సులు రెండు నిండుగా వెళ్ళిపోయాయి. రోడ్డు పక్క బండి మీద బజ్జీలు వేస్తున్నారు. ఆమె అటే చూస్తోందని గుణశేఖర్ గమనించి, తెమ్మంటావా అని అడిగాడు. సరేనంది. అతను దాదాపు పరుగెత్తుకెళ్ళి కాగితంలో కట్టించుకుని వచ్చాడు. ఆమె ఒకటి కొరికింది.

"బాగుందా?"

ఆమె నములుతూ ఆలోచించింది.

"ఏడిగా ఉంది," అంది.

గుణశేఖర్‌కు ఆ మాట చాలు. కాగితం ఆమె చేతిలో పెట్టి, బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు.