నాలుగంగుళాల అబద్ధం

జ్ఞానకుమారి టేపు పట్టి కొలిచిందంటే దానికి తిరుగుండదు. చోడవరంలో ఏ ఆడమనిషినైనా అడగండి. పెళ్ళికూతురి జాకెట్టు కానివ్వండి, బడిపిల్లల యూనిఫాం కానివ్వండి, పావంగుళం తేడా వచ్చిందన్న మాట ఇన్నేళ్ళలో ఆవిడ పడలేదు. అలాంటి మనిషి సొంత కూతురి పొడుగు దగ్గరికొచ్చేసరికి, ఫోన్లో ముక్కూమొహం తెలియని వాడికి నాలుగంగుళాలు కలిపి చెప్పింది. చెప్పి, ఏమీ ఎరగనట్టు మిషను తొక్కుకుంది కూడా.

కూతురు శాలోమి నర్సు. నర్సంటే ఇక్కడి ఆసుపత్రిలో సూదులేసే నర్సు కాదు. హిమాచల్‌లో మంచు కొండల మీద చిక్కుబడిపోయిన వాళ్ళని వెతికి కిందికి దించే టీములో నర్సు. చలికాలమంతా అక్కడ, మంచు కరిగాక ఇక్కడ. ఇప్పుడు నవంబరు చివర. ఇంకో వారంలో బయల్దేరాలి, ఈ ఏడు కూడా క్రిస్మస్‌కి ఇంట్లో ఉండదు. జీపు పోలేని చోటికి వాళ్ళు మంచుబండి మీద పోతారు. ముందు రెండు స్కీలు, వెనక బుల్డోజరుకి ఉన్నట్టు పొడుగాటి రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు సీటు. శాలోమి ఫోన్లో వీడియో చూపించినప్పుడు జ్ఞానకుమారి రెండు నిమిషాలు చూసి, ఇక చాల్లే అని మొహం తిప్పేసుకుంది.

ఈ ఏడు టీముకి కొత్త మంచుబండ్లు వస్తున్నాయి. ఎక్కే మనిషిని బట్టి బండి ఎంచి, హ్యాండిలూ స్ప్రింగులూ అమర్చి పంపేది చండీగఢ్‌లో ఒక షాపువాళ్ళు. ఆ షాపు మనిషి ఫోను చేసిన వేళకి శాలోమి స్నానం చేస్తోంది. జ్ఞానకుమారి ఎత్తింది. వాడు హిందీలో ఏదేదో అన్నాడు. ఆవిడ చెవికి అందినవి మూడే ముక్కలు: శాలోమి, హైటు, వెయిటు.

ఆడపిల్ల హైటెంత అని అడిగితే పెళ్ళీడు పిల్ల తల్లి ఏం చెబుతుంది చెప్పండి? చర్చిలో సంబంధాలు చూసే రాజ్యం రెండేళ్ళ నుంచీ నూరిపోస్తున్న మాటే చెబుతుంది. "ఉన్నది ఉన్నట్టు సెప్పకు జ్ఞానం. నాలుగడుగుల పది అంటే ఫొటో కూడా తెరిసి సూడరు. ఫైవ్ టూ అను. సూపులికొచ్చిన్నాడు హీల్సు ఏసెయ్యి." ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది. ఫైవ్ టూ, ఫిఫ్టీ ఫైవ్ అంది. నిజానికి పిల్ల నలభై రెండు కేజీలు. పొట్టిదని తెలిస్తే ఈ ఉద్యోగం తప్పిస్తారేమోనన్న భయం కూడా ఒక మూల ఉంది. వాడు థాంక్యూ అన్నాడు. ఆవిడ సంతోషపడింది.

ఇవాళ పొద్దున్న మెసేజి వచ్చింది. శాలోమికి పెద్ద బండి ఖాయమైంది, రేపు పొద్దున్నే లారీకి ఎక్కిస్తారు.

"పెద్దదిచ్చేరా? మంచిదే కదే!" అంది జ్ఞానకుమారి, కుడుతున్న గుడ్డ మీంచి తలెత్తకుండానే.

శాలోమి పలకలేదు. పలకకపోయేసరికి ఆవిడ తలెత్తింది. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనలగ బంగార్రాజు మాయ్య పాకదాకా ఎల్లొస్తాను," అని చున్నీ లాక్కుని వెళ్ళిపోయింది. బంగార్రాజుది బుచ్చయ్యపేట రోడ్డులో బెల్లం వండే పాక. ఈ నెలంతా పిల్ల రోజూ అక్కడికే పోతోంది. వేడి బెల్లం మీద మోజు అనుకుంది తల్లి.

మధ్యాహ్నం ఆ బంగార్రాజే భార్య జాకెట్టు తీసుకోడానికి షాపుకొచ్చాడు. వస్తూనే నవ్వు. "ఏటి జ్ఞానమ్మా, మీ గుంటకేటైనా పూనిందేటి? రోజూ వచ్చి నా పాత బుల్లెట్టుని సెరుకు పిప్పిలోకి తోసుకెళ్ళి పడేస్తంది, మళ్ళీ లేపుతంది. ఇయ్యేళైతే లేపలేక ఏడిసింది. మా పాలేర్లు సాయం ఎల్తే దగ్గరికి రావద్దంది."

జ్ఞానకుమారి కాలు మిషను మీదే ఆగిపోయింది. క్రిస్మస్ బట్టలు గుట్టగా పడి ఉన్నాయి, బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. "ఇప్పుడే వచ్చేస్తానమ్మా," అని మెడలో టేపుతోనే ఆటో ఎక్కేసింది.

పాక వెనక కళ్ళంలో పిప్పి ఎండబెట్టారు. పొయ్యిలోకి వేసే చెరుకు పిప్పి, తెల్లగా, మోకాలి లోతున, అడుగు పెడితే కూరుకుపోయేలా ఉంది. అందులో బుల్లెట్టు పక్కకి పడి ఉంది. శాలోమి హ్యాండిలు పట్టుకుని లేపుతోంది. లేపబోతే కాళ్ళు దిగబడుతున్నాయి. కాళ్ళు తీసుకుంటే బండి జారుతోంది. బండి సగం లేచింది. లేచినట్టే లేచి పిల్ల మీదకి ఒరిగింది.

"ఓలమ్మో!" అని జ్ఞానకుమారి చెప్పులు వదిలేసి పిప్పిలోకి పరిగెత్తింది. ఇద్దరూ కలిసి తోస్తే కాలు బయటికి వచ్చింది. దెబ్బేమీ లేదు, గీరుకుపోయిందంతే. తల్లికి భయం పోయి కోపం వచ్చింది. "నీకేటైనా మతుందా? ఈ బండితో నీకేటి పని? సెప్పు!"

శాలోమి పిప్పిలోనే చతికిలబడింది. "ఇదయితే మంచులాగే ఉంటాదమ్మా. కాలు నిలవదు. మళ్ళీ పెద్ద బండే వస్తే లేపడం ఇక్కడే నేర్సుకోవాలనుకున్నాను. నా వల్ల కాలేదు."

"అక్కడ లేపడానికి మనుషులుండరా?"

"ఒక్కోసారి ఉండరు." పిల్ల కాసేపు పిప్పి గుప్పిట్లోకి తీసుకుని నలిపింది. "మొన్న ఫిబ్రవరిలో పడిపోయేను. నీకు సెప్పలేదు. వాలు మీద అడ్డంగా పోతన్నప్పుడు బరువంతా ఒక కాలిమీదేసి, పైపక్కకి ఒంగి బండిని పట్టుకోవాల. నా బరువు దానికి సాల్లేదు. హ్యాండిలు నా గుండెల దాకా ఉంటే ఇంకెక్కడ ఒంగుతాను? దొర్లి నా మీద పడింది. మంచులో ములిగిపోయేను. ఎంత తోసినా కదల్లేదు. నోట్లోకి మంచు వచ్చేస్తంది. నిన్ను పిలిసేనమ్మా, నా గొంతు నాకే ఇనబళ్ళేదు."

జ్ఞానకుమారి పిల్ల పక్కనే పిప్పిలో కూర్చుంది. "మరి?"

"ఎనకాల వస్తన్నోళ్ళు బండి లైటు సూసేరు. లేపోతే..." శాలోమి చేతిలో పిప్పి విదిలించేసింది. "మా టీము సారుకి సెప్తే నన్ను కింద గదిలో కూర్సోబెట్టి ఫోన్లు ఎత్తమంటాడని ఎవరికీ సెప్పొద్దన్నాను. ఈ ఏడు షాపోళ్ళు ఎత్తూ బరువూ సూసి బండిస్తారన్నారు. బతికేను అనుకున్నాను. నా ఎత్తుకి సిన్న బండే కదా వస్తాది! తేలిగ్గా ఉంటాది, హ్యాండిలు కిందికి ఉంటాది. మరెందుకో పెద్దదే రాసేరు. నాకేటీ తెలవటం లేదు."

తల్లికి తెలుసు. భూమి మీద ఆ సంగతి తెలిసిన మనిషి ఆవిడొక్కతే. చెప్పెయ్యాలి. నోరు తెరిచింది కూడా. తెరిస్తే వచ్చిన మాట, "పద, ఇంటికి పోదాం."

ఆటోలో చెబుదామనుకుంది. పక్కన చీడికాడ వెళ్ళే ముసలాయన కూర్చున్నాడు, పరాయివాడి ముందు ఎలా అనుకుంది. షాపు దగ్గర చెబుదామనుకుంది. బెంచీ మీద ఇద్దరు కాస్తా నలుగురయ్యారు. ఒకరి చేతికి జాకెట్టిచ్చి, ఇంకొకరి భుజం కొలిచింది, ఆ కొలత మరిచిపోయి మళ్ళీ కొలిచింది. ఈ వంక పోగానే ఇంకో వంక దొరుకుతూనే ఉంది. ప్రభువా, ఎవరైనా వచ్చి నా నోటితో చెప్పించకుండా దీన్ని సరిచేసెయ్యకూడదా అని మొక్కుకుంది. ఎవరు వస్తారు? మొగుడు దేవదానం మాడుగుల బస్సు మీద డ్యూటీలో ఉన్నాడు. ఉన్నా ఆయనకేం తెలుసు! రోడ్డు మీద ఎండ పలచబడిపోయింది. చండీగఢ్‌లో షాపు మూసేస్తే అంతే, రేపు పొద్దున్నకి బండి లారీలో ఉంటుంది. ఆ బండి కింద పిల్ల ఉన్నట్టు కళ్ళకి కడుతోంది.

"పదండమ్మా, రేపు రండి," అని అందర్నీ లేపేసింది. షట్టరు సగానికి దించింది. శాలోమి మూలన కూర్చుని గీరుకున్న చోట మందు రాసుకుంటోంది.

"ఒసే శాలోమీ. ఆ షాపోడు ఫోను సేసేడే. నువ్వు నీళ్ళోసుకుంటన్నావు. నేనే ఎత్తేను. హైటడిగితే ఫైవ్ టూ అన్నాను. వెయిటు ఫిఫ్టీ ఫైవ్ అన్నాను."

శాలోమి చేతిలో మందు పక్కన పెట్టేసింది. "ఎందుకమ్మా?"

"ఏమో. అలవాటైపోయింది. ఎవరడిగినా అదే వస్తంది."

"నువ్వు పెళ్ళికొడుక్కి సెప్పలేదమ్మా, బండికి సెప్పేవు!" శాలోమి లేచి నిలబడింది. "దానికి సిగ్గుంటాదా, మొహమాటం ఉంటాదా? నా మీద పడ్డప్పుడు నాలుగంగుళాలు తగ్గించుకుని పడతాదా?"

ఇన్నేళ్ళలో పిల్ల తల్లి మీద అరవడం అదే మొదలు. జ్ఞానకుమారి కళ్ళు తుడుచుకోలేదు. "తిట్టు. ఎంతైనా తిట్టు. ముందు ఆడికి ఫోను సెయ్యి."

చేసింది. రింగై ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎంగేజి. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఒక్కో రింగుకీ జ్ఞానకుమారి టేపుని వేలికి చుడుతోంది, విప్పుతోంది. బయట వీధిలైట్లు వెలిగాయి. ఇంక అయిపోయింది అనుకుంటుంటే అవతల మనిషి గొంతు వినబడింది. శాలోమి తన అసలు ఎత్తూ బరువూ హిందీలో గబగబా చెప్పుకుపోయింది. వాడికి చిరాకొచ్చినట్టుంది. మీ ఇంట్లోవాళ్ళే ఒకటి చెప్పి, ఇప్పుడు మీరొకటి చెబితే దేన్ని నమ్మాలి అన్నాడు. వీడియోలో కొలిచి చూపించమన్నాడు.

మిషను మీద బట్టల గుట్టకి ఫోను ఆనించారు. శాలోమి చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడింది. జ్ఞానకుమారి టేపు చివర నేల మీద పెట్టి, పిల్ల మడమకింద తొక్కించి, పైకి లాగింది. టైలరు టేపు అరవై అంగుళాలే ఉంటుంది. అంటే ఐదడుగులు. ఆవిడ ఫోన్లో చెప్పిన అరవై రెండు ఆ టేపు మీద అసలు లేనే లేదు. రోజంతా మెడలో వేసుకుని తిరిగే టేపు అది.

తలమీద స్కేలు పెట్టింది. ఏ గుడ్డకైనా కాస్త ఎక్కువ వదిలే అలవాటు కదా, బొటనవేలు దానంతటదే పైకి జరిగింది. జరిగిన వేలిని వెనక్కి తెచ్చి గట్టిగా నొక్కింది.

"ఫిఫ్టీ ఎయిట్," అంది ఫోను వైపు తిరిగి. వాడికి వినబడిందో లేదోనని మళ్ళీ అంది. "ఫిఫ్టీ ఎయిట్ ఇంచెస్."

వాడు చెయ్యి పొడుగు అడిగాడు, కాలు లోపలి పొడుగు అడిగాడు. ఒక్కొక్కటీ కొలిచి చదివింది, పిసరంత కూడా కలపకుండా. చివరికి వాడు, చిన్న బండి ఉంది కానీ మీ సారు ఒప్పుకుంటేనే మారుస్తాను, నేనే మాట్లాడతాను అని పెట్టేశాడు.

సారు ఫోను కాసేపటికే వచ్చింది. శాలోమి షట్టరు కిందనుంచి వంగి రోడ్డు మీదికి వెళ్ళి మాట్లాడింది. జ్ఞానకుమారికి ఆ భాష రాదు, మాట వినబడదు. కనబడేది పిల్ల కాళ్ళు మాత్రమే. అవి అటు నడిచాయి, ఇటు నడిచాయి, ఒకచోట చాలాసేపు కదలకుండా నిలబడిపోయాయి. ఉద్యోగం ఊడగొట్టాను, నా చేతులతో నేనే ఊడగొట్టాను అనుకుని ఆవిడ స్టూలు మీద కూలబడిపోయింది.

శాలోమి లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పడ్డ సంగతి కూడా సెప్పేసేను. ఇన్ని నెలలు దాచిపెడతావా అని సెడామడా తిట్టేడు."

"కింద కూర్సోమన్నాడా?"

"లేదు. సిన్న బండి ఇస్తాడంట. ఎవరూ ఒక్కరే పోకూడదని రూలు పెడతాడంట." అప్పుడు కూర్చుని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. తల్లి ఆ తల మీద చెయ్యి వేసింది.

ఇంతలో షట్టరు మీద ఎవరో దబదబా బాదితే శాలోమి లేచి పైకెత్తింది. రాజ్యం. క్రిస్మస్ జాకెట్టు కోసం వచ్చి, వస్తూనే మొదలెట్టింది. "లైట్లున్నాయి, మనుషులున్నారు, షట్టరెందుకు దించేరే? ఇను జ్ఞానం, గాజువాక సంబంధం, గుంటడు మంచోడు. ఆళ్ళు హైటడిగేరు, ఫైవ్ టూ అనే సెప్పేద్దునా?"

జ్ఞానకుమారి పక్కనున్న మంచు సూటు ఒళ్ళోకి తీసుకుంది. టీమువాళ్ళు ఇచ్చిన ప్యాంటు, పిల్లకి పొడుగైతే అంచు నాలుగంగుళాలు లోపలికి మడిచి కుట్టింది. ఎప్పటికైనా ఎదుగుతుందేమోనని ఆ గుడ్డ కొయ్యలేదు. మంచులో ఆ మడత తడిసి బరువెక్కుతోందని పిల్ల ఎన్నోసార్లు చెప్పింది.

"నాలుగడుగుల పది," అంది.

"అలగంటే ఆళ్ళు రారే!"

"రాకపోతే మానెయ్యమను. బండికే సెప్పేసేను, ఇంక మనుషులకి సెప్పడానికేటి?" అని కత్తెర తీసుకుని, కుట్టు విప్పి, ఆ నాలుగంగుళాల గుడ్డా కోసేసింది.