కదలని మనిషి

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆ సంస్థలో కరెంటు వృథా అవుతోందని ప్రతి గది పైకప్పుకూ ఒక సెన్సర్ బిగించారు. కింద మనిషి కదిలితే లైటూ ఏసీ నడుస్తాయి, పది నిమిషాలు కదలిక లేకపోతే ఆగిపోతాయి. ఇక దుబారారాయుళ్ల ఆట కట్టిందని అందరూ సంబరపడ్డారు.

చిక్కల్లా ప్రూఫ్‌రీడరుకు వచ్చిపడింది. లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాడంటే ఆయనకు ఉలుకూ పలుకూ ఉండదు. పెన్సిలు అంగుళం కదిలితే గొప్ప, అది సెన్సరు కంటికి ఆనదు. లైటు ఆరిపోయినా కిటికీ వెలుతురులో అలాగే చదువుకుంటూ పోయేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన చేయి దాటిన పుస్తకంలో తప్పన్నది లేదు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే. పక్కనున్న ప్రచార విభాగం గది మాత్రం పొద్దస్తమానం వెలిగిపోయేది. అక్కడి మహానుభావుడు చక్రాల కుర్చీలో గిరగిరా తిరుగుతూ ఫోనులో కబుర్లాడేవాడు.

మూడు నెలలకు సెన్సర్ల నివేదిక వచ్చింది. మేనేజరు ప్రూఫ్‌రీడరును పిలిపించాడు.

"రోజుకు ఆరు గంటలు మీ గది ఖాళీ అట. ఎక్కడికెళ్తున్నారండీ?"

"ఎక్కడికీ వెళ్లను సార్. చదువుకుంటూ ఉంటాను."

"చదవండి, వద్దనలేదు. కాస్త కదులుతూ చదవండి. వచ్చే నెలా ఇలాగే వస్తే గది తీసేస్తారు, దాంతోపాటు పోస్టూ పోతుంది. నా చేతిలో ఏమీ లేదు."

మర్నాటి నుంచి బెంగకొద్దీ రెండు లైన్లు చదవడం, చెయ్యి ఊపడం, మూడు లైన్లు చదవడం, లేచి నిలబడటం. మళ్లీ కూర్చునేసరికి ఏ లెక్క దగ్గర ఆగాడో తెలిసేది కాదు. ఉజ్జాయింపుగా ముందుకు పోయేవాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది.

నెల తిరిగేసరికి నివేదికలో ఆయన గదికి నూటికి నూరు. లైటూ ఏసీ ఎడతెగకుండా నడిచాయి. కరెంటు పొదుపు పథకంలో ఆదర్శ ఉద్యోగి అని ప్రశంసాపత్రం ఇచ్చారు.

"చూశారా, మనసు పెడితే మీరూ పనిచేయగలరు," అని మేనేజరు భుజం తట్టాడు.

బడులు తెరిచాక, టీచరైన ఆయన కూతురు కొత్త లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది.

"వెనకిచ్చిన జవాబుల్లో పదకొండు తప్పులు నాన్నా. పిల్లలు సరిగ్గా చేసిన లెక్కను కూడా, జవాబు కలవలేదని కొట్టేసుకుంటున్నారు. ఇది మీ దగ్గరికి రాలేదా?"

ఆయన పుస్తకం తిప్పి చూశాడు.

"వచ్చింది తల్లీ."

"మరి చదవలేదా?"

"గదిలోనే ఉన్నాను," అన్నాడాయన తల దించుకుని. "ఒక్క నిమిషం బయటికి పోలేదు. కావాలంటే ఆఫీసువాళ్లిచ్చిన కాగితం చూపిస్తాను."