దడిలో సందు

ఆ గుంజ కదల్లేదు. మున్సాకా దాని నెత్తిన అరచేత్తో తట్టి, "నువ్వు మంచోడివి," అని పక్కదాన్ని పట్టుకున్నాడు. అది కాస్త ఊగింది. దాన్ని తల్లితో సహా తిట్టి, మొదట్లో మట్టిని మడమతో తొక్కి, మళ్ళీ ఊపి చూశాడు.

ఈ ఒడ్డునే మొదలై, నదిలోకి కొడవలిలా వంగి, మళ్ళీ ఈ ఒడ్డుకే వచ్చే దడి అది. ఊరంతా దాని లోపలే స్నానం చేసేది, బట్టలుతికేది, బిందెలు ముంచేది. దడి బయట జాంబెజీ. జాంబెజీ నిండా మొసళ్ళు. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట ఉండేట్టు చూడడమే మున్సాకా పని. అందుకు కోతలప్పుడు ప్రతి ఇంటి నుంచీ ఇంత జొన్నల మేర వచ్చేది. అతని తండ్రీ ఇదే పని చేశాడు, ఇదే మేర తిన్నాడు.

మనిషి పొట్టి. నీళ్ళల్లో నిలబడీ నిలబడీ కాళ్ళు మోకాళ్ళ దాకా బూడిదరంగుకు తిరిగాయి, ఎవరో ముసలివాడి కాళ్ళు తెచ్చి అతనికి అతికించినట్టు. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ సగం ముడుచుకునే ఉంటాయి. అది గుంజ పట్టు. ఒకరోజు నిద్రలో తన కాలు పట్టుకుని ఊపి "ఇది పుచ్చింది, మార్చాలి" అన్నాడని పెళ్ళాం జెలిదా ఊళ్ళో చెప్పింది. జెలిదా మాటల్లో సగం నిజముంటుంది. ఏ సగమో ఆవిడకే తెలియదు.

నవంబరు నెల. వాన రేపో మాపో అనిపించి రాని రోజులు. ఆ ఏడు ఎండ ఎలాంటిదంటే, మా ఊళ్ళో మేక నీడ మేకను ఎండలో వదిలేసి తనొక్కతే చింతచెట్టు కిందికి పోయి పడుకునేది. పైగా ఆదివారం. ప్రార్థన అయ్యీ కాగానే ఊరు ఊరంతా రేవుకొచ్చి పొద్దుగూకేదాకా నీళ్ళల్లోనే ఉంటుంది.

దడి చివర, నీళ్ళు నడుము దాకా వచ్చే మూలన, మున్సాకా చెయ్యి అలవాటుగా తర్వాతి గుంజ కోసం చాచింది. గుంజ లేదు. చెయ్యి గాలిని పట్టుకుంది.

రెండు గుంజలు పోయాయి. ఒకటి మొదలంటా లేచి కొట్టుకుపోయింది. ఇంకొకటి నీటి అడుగున మోడుగా మిగిలి కాలికి తగిలింది. రాత్రి నీటిగుర్రం వీపు గోక్కున్నట్టుంది. మనిషి పక్కగా దూరేంత సందు. సందు బయట ఇసుక మేట మీద పొట్ట ఈడ్చుకుపోయిన గాడి ఒకటి ఉంది. దాని అంచులు ఇంకా తడిగానే మెరుస్తున్నాయి.

గట్టి గుంజ కావాలంటే కొండ దాకా బండి కట్టుకుని పోవాలి. పోయి రావడానికి ఒక పగలు పడుతుంది. మున్సాకా రేగుకంప నరికి ఈడ్చుకొచ్చి సందులో కుక్కాడు. నది ఆ కంపను కాసేపు చూసి, ఎత్తుకుపోయింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోయింది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో లాగింది. కంప ఈడ్చినందుకే అనుకున్నాడు.

అప్పటికే ఒడ్డున పిల్లల కేకలు. ముందు వచ్చింది హమ్వింగా. మున్సాకాది మేకల వంశం, హమ్వింగాది దుమ్ములగొండి వంశం. ఆ రెండు వంశాలవాళ్ళు ఎదురుపడితే తిట్టుకోకుండా దాటిపోకూడదు. కోపం తెచ్చుకోకూడదు. పెళ్ళిలోనైనా చావింట్లోనైనా అంతే. వాళ్ళిద్దరూ గోచీలు పెట్టిన నాటి నుంచీ ఒకరితో ఒకరు ఒక్క మాటా తిన్నగా మాట్లాడుకున్నది లేదు.

"ఏరా మేకా, పొద్దున్నే తడిశావ్. ఎవరింటి కుండలోకి బయల్దేరావ్?"

"ఒరే, ఇలా రా," అన్నాడు మున్సాకా. "దడికి సందు పడింది. రెండు గుంజలు పోయాయి. బయట మేట మీద మొసలి జాడుంది. నవ్వకు. నిజం చెప్తున్నా."

హమ్వింగా అతని మొహంలోకి చూశాడు. చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బో! నిజమట! మేక నాతో నిజం చెప్తోందర్రోయ్!" అని ఒడ్డు వైపు తిరిగి గొంతెత్తాడు. "వినండి! మున్సాకా మొసలికి తలుపు పెట్టించాడు! దాని అత్తారు చుట్టపుచూపుగా వస్తున్నారట, కుర్చీలు వెయ్యండి!"

ఒడ్డంతా నవ్వింది. పిల్లలకు కొత్త ఆట దొరికింది. ఒకడు మొసలైతే మిగతావాళ్ళు "మొసలి! మొసలి!" అని అరుస్తూ నీళ్ళల్లో పరుగు. మేక పెట్టించిన తలుపు దాకా పోయి, గుంజ ముట్టుకుని, దొరక్కుండా తిరిగొచ్చినవాడు మొనగాడు.

మున్సాకా జెలిదా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చింతచెట్టు కింద చిబ్వాంతు కుండ దించుతోంది. జొన్ననూక కాచి, వేరు రసం పోసి రెండు రోజులు ఊరబెట్టిన తీపి జావ అది. తడి గోనె చుట్టిన కుండ. పక్కన మామిడికాయలు, ఉప్పు, పుల్లకు గుచ్చిన చేపలు.

"జెలిదా, ఆ మూలన సందు పడింది."

"విన్నాంలే, ఊరంతా విన్నాం. ఇద్దరు ముసలాళ్ళకీ వేరే పని లేదు." ఆవిడ తలెత్తలేదు. "కూతురు మూడేళ్ళ తర్వాత ఇంటికొచ్చింది. రేపు పొద్దున్నే బస్సు. ఈ ఒక్క రోజన్నా మనిషిలా వచ్చి దాని పక్కన కూర్చో."

కూతురు ముతింత రాగి గనుల ఊళ్ళో కాపురం. అక్కడ నీళ్ళు గొట్టంలోంచి వస్తాయి, అదీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు. ఆమె కూతురు లుయాండో ఏడేళ్ళ పిల్ల. ఇంత నీటిని పుట్టి ఎరగదు. పొద్దున తలుపు తీసినప్పటి నుంచీ "ఎప్పుడు పోదాం, ఎప్పుడు పోదాం" అని అందరి ప్రాణాలూ తీసింది. ఇప్పుడు మెడ దాకా నీళ్ళల్లో ఉంది. నోరు తెరిచే ఉంది. నవ్వుతోందో నీళ్ళు తాగుతోందో తెలియడం లేదు.

రేవు మూసేస్తే? మున్సాకా ఆ ఆలోచనా చేశాడు. ఒక ఏడు మరమ్మతుకని తండ్రి ఒక్క పూట రేవు మూశాడు. ఎండకు ఆగలేక జనం దడి లేని కింది ఒడ్డుకు పోయారు. ఒక చిన్నదాని బిందె మాత్రం తేలుతూ ఒడ్డుకొచ్చింది. ఆ తర్వాత తండ్రి బతికినంతకాలం బిందెతో నీళ్ళు తాగలేదు, దోసిలి పట్టేవాడు. ఈ ఎండలో ఈ పిల్లల్ని గట్టెక్కించి ఆపగల మొనగాడు ఈ లోకంలో లేడు. ఇక్కడ కాకపోతే కింది ఒడ్డు. సందులో అయితే మనిషి కూర్చోగలడు. కింది ఒడ్డంతటికీ అడ్డం ఎవడు కూర్చుంటాడు?

ఇనపమొన గడ తీసుకుని దడి వెంట మూలకు నడిచాడు. విరిగిన గుంజ మోడును కాలితో వెతుక్కుని దాని మీద కూర్చున్నాడు. వీపు ఒక గుంజకు, మోకాళ్ళు ఇంకో గుంజకు. సందు సరిగ్గా మున్సాకా అంత ఉంది. గడ మొన బయటికి, కళ్ళు నది మీద.

ఎండ ఎక్కింది. నది మీద చూపు నిలపడమంటే కాలిన పెనం మీద చెయ్యి నిలపడమే. అయినా నిలిపాడు. చెవులు మాత్రం లోపలికే తిరిగి ఉన్నాయి. ఎవరో మామిడికాయ రాతికేసి కొట్టిన చప్పుడు. ఉప్పు కోసం ఆడవాళ్ళ దెబ్బలాట. చేప కొవ్వు నిప్పుల్లో పడి చుయ్యిమన్న చప్పుడు, వెంటనే ఆ వాసన. హమ్వింగా తన పెళ్ళికి వచ్చిన వానలో చేపలు చెట్లెక్కాయని చెబుతున్నాడు. ఎవరూ నమ్మడం లేదు, ఎవరూ లేచి పోవడం లేదు.

మధ్యాహ్నం ముతింత చీర కుచ్చెళ్ళలా గుడ్డ పైకి దోపుకుని, గిన్నె నెత్తిన ఆనించుకుని నీళ్ళల్లో నడిచొచ్చింది.

"ఏంటి నాన్నా ఇక్కడ? అలిగావా?"

"ఇక్కడ చల్లగా ఉందమ్మా."

"మూడేళ్ళకొచ్చాను నేను. నువ్వేమో నది వైపు మొహం పెట్టుకుని కూర్చున్నావ్. ఆ నది రేపు కూడా ఉంటుంది కదా. నేనుంటానా?"

చెప్పబోయాడు. చెబితే కూతురు కెవ్వుమంటుంది. దడి నిండా పిల్లలు, కాళ్ళ కింద బురద. ఒకరి మీద ఒకరు పడతారు. కొందరు ఇటే పరిగెత్తుతారు. చిబ్వాంతు సగం తాగాడు. పుల్లగా, తియ్యగా గొంతులో చల్లగా దిగింది. "మీ అమ్మ ఈసారి బాగా ఊరబెట్టింది," అన్నాడు. "మిగతాది మెల్లగా తాగుతా." గడ వదలకుండా ఎడమచేత్తో గిన్నెను గుంజ నెత్తిన పెట్టబోతే చెయ్యి అంత ఎత్తు లేవలేదు. ముతింతే అందుకుని పెట్టి వెళ్ళిపోయింది.

నీడలు కొంచెం సాగాక వచ్చిందది.

ముందు నీటి మెరుపులో రెండు బుడిపెలు కనిపించాయి. కళ్ళు ఆర్పి చూశాడు. ఉన్నాయి. నీటిని కదపకుండా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, మెల్లగా సందు వైపే వస్తున్నాయి. దాని పొడవు గురించి ఇవాళ మా ఊళ్ళో ప్రతివాడి దగ్గరా ఒక కొలత ఉంది. చూసినవాడు ఒక్కడే, అతను చెప్పలేదు.

మున్సాకా నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చింది. వెనక పిల్లలు అదే మాటను పొద్దుటి నుంచీ అరుస్తున్నారు. "మొసలి! మొసలి!" కిలకిల నవ్వులు. ఆ మాట నిండా ఇక ఆటే మిగిలింది.

అప్పుడే నీళ్ళు చిమ్ముకుంటూ లుయాండో అతని వైపు బయల్దేరింది. గుంజ ముట్టుకోవడానికి. "తాతా! నేనే మొనగాణ్ణి! చూడు, ఒక్కదాన్నే వస్తున్నా!"

ఇటు పిల్ల, అటు బుడిపెలు. రెండూ దగ్గరవుతున్నాయి.

"పో!" అన్నాడు మున్సాకా. ఆ గొంతు తనదిలా లేదు. "నిన్నెవరు రమ్మన్నారే? దరిద్రపు పిల్లా, పొద్దుటి నుంచీ నా తల తినేస్తున్నావ్. నీ మొహం నాకు చూపించకు, పో!"

పిల్ల ఆగిపోయింది. ఇంతవరకూ తాతలు ఇలా కూడా మాట్లాడతారని ఆ పిల్లకు తెలియదు. వెనక్కి తిరిగి, ఏడుస్తూ, పడుతూ లేస్తూ తల్లి దగ్గరికి పోయింది. ఒడ్డున ముతింత పిల్లను ఎత్తుకుని మొహం అటు తిప్పేసుకుంది.

గడ మొనకు ఏదో తగిలింది. మెత్తగా తగిలి, బరువు పెట్టింది. గడ వెనక్కి జరిగి అతని పక్కటెముకలకు ఆనింది. మున్సాకా కాళ్ళు రెండూ ఎదుటి గుంజకు తన్నిపెట్టి తనూ బరువు పెట్టాడు. అలా కొంతసేపు ఆ రెండు ప్రాణులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండిపోయాయి. పైన నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఒడ్డున ఎవరో పాట ఎత్తుకున్నారు. తర్వాత గడ చివర తేలికైంది. బుడిపెలు వెనక్కి, మేట వైపు, ఇంకా దూరంగా పోయి మెరుపులో కలిసిపోయాయి.

పిల్లను పిలుద్దామనుకున్నాడు. చెయ్యి లేవలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. కాస్త తగ్గాక పిలుద్దాంలే అనుకున్నాడు. ఓరగా చూస్తే చెట్టు కింద జెలిదా లుయాండోకు మామిడిపండు పెడుతోంది. పిల్ల వెక్కుతూనే కొరికింది. రసం మోచేతి దాకా కారింది. ఎవరో ఏదో అన్నారు, ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. పండు కింద పడింది, తీసి కడుక్కుని మళ్ళీ తింది. మున్సాకా చూపు మళ్ళీ నది మీదికి తిప్పి, తల గుంజకు ఆనించాడు.

పొద్దు వాలుతుంటే హమ్వింగా తిట్టడానికి వచ్చాడు. "ఏరా, మీ మొసలి అత్తారు రాలేదా? నీ వాసన చూసి దారిలోంచే..." భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం ఏ జవాబూ ఇవ్వలేదు. గడ మాత్రం వేళ్ళల్లో బిగిసి ఉంది. హమ్వింగా కాలు నీళ్ళల్లో గుంజ కోసం తడుముకుంది. గుంజ లేదు. ఇంకా జరిపాడు. అక్కడా లేదు. చల్లటి నది ఒరవడి పాదానికి తగిలింది.

దడిలో ఇంకా పిల్లలున్నారు.

హమ్వింగా అరవలేదు. మున్సాకా పక్కన సందులోకి ఒదిగి, భుజం ఆనించి అతన్ని ఒరిగిపోకుండా నిటారుగా ఉంచి, వెనక్కి తిరిగి ఎప్పటి గొంతుతోనే కేకేశాడు. "ఒరేయ్, చెట్టు కింద పళ్ళన్నీ జెలిదా ఒక్కతే మింగేస్తోందర్రా! చివర ఒడ్డెక్కినవాడికి టెంకే!" పిల్లలు కేరింతలు కొడుతూ ఒడ్డుకు పరిగెత్తారు. ఆఖరి పిల్ల కాళ్ళు పొడి ఇసుక మీద పడేదాకా వాళ్ళనే చూశాడు.

ఆ తర్వాత, చనిపోయిన మేకల వంశంవాడికి దుమ్ములగొండి వంశంవాడు ఇవ్వాల్సింది ఇచ్చాడు.

"నాకా?" అన్నాడు చెవి దగ్గర. "మేకవెధవా, పోయి పోయి నాకా నిజం చెప్పావు?"

మగవాళ్ళు వచ్చారు. గడ విడిపించలేక గడతోనే మోసుకుపోయారు. హమ్వింగా సందులోనే కూర్చున్నాడు, బండి గుంజలతో వచ్చేదాకా లేవనన్నాడు. అతని తల పక్కన, గుంజ నెత్తిన, ఎనామిలు గిన్నెలో సగం చిబ్వాంతు అలాగే ఉంది. దాని అంచు మీద ఒక తేనెటీగ వాలి తాగుతోంది.