అత్తగారి ఏటి ఒడ్డు

బున్‌లోత్ మా అత్తగారి ఒడ్డు మింగేశాడు. ఈ మాట పడవల రేవులో చెప్పాను, గుడి పంక్తి భోజనాల్లో చెప్పాను, వాడి మొహం మీదే చెప్పాను. వాడికి కోపం కూడా రాదు. "అన్నా, ఎండలో నిలబడ్డావు, ఇలా వచ్చి కాస్త మంచినీళ్ళు తాగు" అంటాడు. తాగమని వాడు చూపించే బల్ల ఉన్నది ఆ ఒడ్డు మీదే.

నాది పడవ బతుకు. అవతలి ఒడ్డున నాకసాంగ్‌లో బస్సు దిగిన పరదేశీ పిల్లల్ని మా లంకకు చేరవేస్తాను. వీపు మీద తమకంటే పెద్ద మూటలు, కాళ్ళకు తెగిన రబ్బరు చెప్పులు. నెలల తరబడి దేశాలు తిరుగుతారు గానీ, పడవ కూలి దగ్గర అయిదు వేల కిప్పుల కోసం అరగంట బేరమాడతారు. పడవ ఎక్కీ ఎక్కగానే ఒకటే ప్రశ్న. "బున్‌లోత్ గుడిసెలు ఎక్కడ?" ఫోన్లో బొమ్మ చూపిస్తారు. వెదురు గుడిసె, అరుగు మీద ఉయ్యాల, ఎదురుగా నదిలో దిగుతున్న సూర్యుడు. లంక మొత్తం మీద పొద్దు అంత తిన్నగా గుంకే చోటు ఇంకొకటి లేదు. నేనే తీసుకుపోయి దించుతాను. దించకపోతే వెనక వచ్చే పడవవాడు దించుతాడు.

మా వైపు పెళ్ళయ్యాక మగవాడే ఆడపిల్ల ఇంటికి వెళ్తాడు. ఇల్లూ నేలా ఆఖరి కూతురివి. అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఒక వల, రెండు చొక్కాలు పట్టుకుని, మలివాన్‌ని చేసుకుని వాళ్ళింటికి వచ్చాను. ఆ ఒడ్డు మలివాన్ వాళ్ళ అమ్మది, అంతకు ముందు వాళ్ళ అమ్మమ్మది. వానల్లో నీళ్ళ కింద ఉంటుంది. వానలు వెనకబట్టి నది దిగుతుంటే, వేలు పెడితే మునిగిపోయేంత మెత్తటి ఒండ్రు బయటపడుతుంది. వెనక ఇల్లు ఎవరిదో ఒండ్రు వాళ్ళది. దానికి కాగితం ఉండదు. ఏటేటా విత్తనం వేసే చెయ్యే కాగితం. మనకు కుదరకపోతే ఇంకొకరికి ఇవ్వొచ్చు. అలా తీసుకున్నవాడు తొలి కాపు ఒక గంప తెచ్చి మన మెట్ల దగ్గర పెట్టాలి. ఆ గంప లోపలికి తీసుకున్నంత కాలం నేల మనది. ఇది మా లంకలో పాలు మరవని పిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు.

చిక్కల్లా ఏమిటంటే, ఒండ్రు బయటపడే నెలలూ పరదేశీలు దిగే నెలలూ ఒకటే.

"ఏమయ్యా, ఇవాళైనా దడి కడతావా? కోళ్ళు మొలకలన్నీ గీకేస్తున్నాయి" అనేది మలివాన్.

"పొద్దున్నే రెండు ట్రిప్పులున్నాయే. ఒక్క ట్రిప్పుకి వచ్చేది, నీ ఉల్లికాడలు నెల్లాళ్ళు అమ్మినా రాదు."

"ఉల్లికాడల కోసం కాదయ్యా. ఒడ్డు బోడిగా ఉంటే నలుగురి కళ్ళూ పడతాయి."

"పడనీ. కళ్ళతో దున్నుకుంటారా ఏంటి?"

నా మాటకు నేనే నవ్వుకుంటూ ఇంజను తాడు లాగాను.

ఆ ఏడు తను ఒక్కతే సగం నేల నాటింది. మరుసటి ఏడు అత్త మంచం పట్టింది. మలివాన్ ఆ మంచం వదిలి రాలేకపోయింది. ఒడ్డు అలాగే ఎండింది. ఆ తరవాతి ఏడు, లంక నడిమి వీధిలో ఉండే బున్‌లోత్ వచ్చాడు. వాడికి నది వైపు జానెడు నేల లేదు.

"అన్నా, ఊరికే పడి ఉంది కదా. నాలుగు అలసంద పాదులు పెట్టుకోనా?"

"పెట్టుకోరా. మట్టేగా."

లోపల మంచం మీంచి అత్త గొంతు వినిపించింది. "ఇస్తే ఇవ్వు అల్లుడూ. గంప మాత్రం మరిచిపోకు."

"అలాగే అత్తా."

వాడు మరిచిపోలేదు. ఇది నేను చెప్పి తీరాలి. తొలి కాపు కోసిన రోజు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గంప రెండు చేతులా పట్టుకుని మా మెట్ల దగ్గరికి వచ్చాడు. నేను మెట్ల కింద పడవలో ఉన్నాను. ఆరుగురు పరదేశీలు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళలో ఒక పిల్ల ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాను.

"అన్నా, తొలి కాపు."

"ఒరే, అలసందలు తిని బతికే రోజులు పోయాయిరా. తీసుకుపో."

వాడు కదల్లేదు. "వద్దంటున్నావా అన్నా?"

"వద్దన్నానుగా. చెవుడా?"

"అలా అనకు. బాగుండదు, తీసుకో."

"ఏంట్రా బాగుండనిది? అంత బరువైతే ఇదిగో, వీళ్ళకి పెట్టు!"

పరదేశీలకి మా మాటలు అర్థం కాలేదు గానీ గంప అర్థమైంది. తలా గుప్పెడు తీసుకుని పచ్చివే నమిలారు. ఒక పొడుగు కుర్రాడు కాయని ముక్కు కింద మీసంలా పెట్టుకున్నాడు. పక్క పడవల వాళ్ళు కూడా పడీ పడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. బున్‌లోత్ ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి మలివాన్ అడిగింది. "గంప ఏది?"

"పంపేశాను."

జిగురన్నం బుట్ట మూత మూసేసింది. "అమ్మకి చెప్పకు" అంది.

మరునాడు నా పడవలోనే నాకసాంగ్ సంతకు వచ్చి, గంపెడు అలసందలు కొని, అత్త మంచం పక్కన పెట్టింది. ముసలమ్మ ఒక కాయ తీసి విరిచి వాసన చూసింది.

"మన ఒండ్రులో కాసింది ఇంత లావుండదే" అంది.

"ఈ ఏడు ఒండ్రు బాగా పట్టిందమ్మా" అంది మలివాన్.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ తరవాత వచ్చిన వానల్లోనే అత్త పోయింది.

మరుసటి ఏడు బున్‌లోత్ గంప తేలేదు. నేనూ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. ఆ పై ఏడు పాదులకు బదులు గుడిసెలు నిలబెట్టడానికి, వరద అందనంత ఎత్తున సిమెంటు స్తంభాలు లేచాయి. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఊరి పెద్ద ఇంటికి పరిగెత్తాను. ముగ్గురు పెద్దలు చాప మీద కూర్చున్నారు.

"నేను తెచ్చానయ్యా. రెండుసార్లు అడిగాను. వద్దన్నాడు" అన్నాడు బున్‌లోత్, తల వంచుకునే.

"తమాషాకి అన్నాను!"

"తమాషా నీ సొంత సొమ్ముతో ఆడుకోవాలయ్యా. అది నీ పెళ్ళాం తల్లిది" అన్నాడు ఊరి పెద్ద. తరవాత మలివాన్ వైపు తిరిగాడు. "చూడమ్మా, మీ అమ్మ మంచం పట్టాక నేల నీది. గంప వద్దనే అధికారం నీ మొగుడికి నువ్విచ్చావా? ఇవ్వలేదంటే ఆ మాట చెల్లదు. బున్‌లోత్ స్తంభాలు పీక్కుంటాడు."

చాప మీద అందరూ ఆమెనే చూశారు. ఆమె నన్ను చూసింది. ఇవ్వలేదు అంటే లంక మొత్తం మీద నేను పెళ్ళాం ఇంట్లో తింటూ పెళ్ళాం నేల పారేసినవాణ్ణి. ఇవ్వలేదు అను, అను అని నోరు తెరిచి చెప్పాల్సింది నేను. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

"ఇచ్చాను" అంది మలివాన్.

ఆ సాయంత్రమే బున్‌లోత్ పేర కాగితం రాయడానికి ఒడ్డు కొలిచారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. దగ్గరగా ఉన్నది నేనే, పట్టుకున్నాను. గట్టు వెంట ముప్పై నాలుగు మీటర్లు. గట్టు నుంచి ఎండాకాలపు నీటి అంచు దాకా పద్దెనిమిది. మొత్తం ఆరువందల పన్నెండు చదరపు మీటర్లు.