నర్సింహమ్మ పోసిన గుగ్గిలం

నర్సింహమ్మకు ఒళ్ళు మండిపోతోంది. ఎండకు కాదు, పొయ్యి సెగకు అంతకన్నా కాదు. సంతలో చేపల వరుసలో మొట్టమొదట ఆమె తోటికోడలు సక్కుబాయి కూర్చుంది. ఆ పిల్ల బుట్ట మీది ఆకు తీసి బోణీ చేసేదాకా మిగిలిన ఆడవాళ్ళంతా తమ బుట్టలు మూసుకుని ఎదురుచూడాలి. ఆ మిగిలినవాళ్ళలో ఇప్పుడు నర్సింహమ్మ కూడా ఒకతె. ఎవరికి చెప్పుకుంటుంది?

ఇబ్రహీంపట్నం చెరువు బెస్తలకు ముందునుంచీ ఉన్న పద్ధతి ఇది. చీకటి వేటలో ఒకడు దీపం పట్టుకుని ముందు నడుస్తాడు. బల్లేలు పట్టినవాళ్ళు వాడి వెనక నడుస్తారు. దీపం లేనిదే చేప కనబడదు కాబట్టి దీపం పట్టినవాడి పెళ్ళాందే బోణీ. ఎన్నో ఏళ్ళు ఆ దీపం నర్సింహమ్మ మొగుడు బుగ్గయ్యదే. మోకాలిలోతు నీళ్ళలో కాగడా ఎత్తి పట్టి, కొర్రమట్ట ఎక్కడ పడుకుందో వేలితో చూపించేవాడు. మరునాడు నర్సింహమ్మ వరుస మొదట్లో కూర్చుని, ఆకు తీయడానికి కావాలనే ఆలస్యం చేసేది. అవును, కావాలనే. అందులో ఉన్న సుఖం ఆమెకే తెలుసు.

నిజాము రాజ్యం ఊగిసలాడుతున్న రోజులొచ్చి ఆ సుఖం కాస్తా పోయింది. ఒకవైపు గుట్టల్లో దళాలు, ఇంకోవైపు ఊళ్ళ మీద రజాకార్లు. చెరువు మీద నిప్పు కనబడితే దళానికి సైగ చేస్తున్నట్టే లెక్క, కాల్చేస్తాం అని డప్పు కొట్టించారు. కాగడాలు ఆరిపోయాయి. బెస్తవాడలో పొయ్యిలు కూడా ఒకపూటకే రాజుకున్నాయి. బుగ్గయ్య చేసేదేమీ లేక, చిరగని వలను కూడా ముందేసుకుని కూర్చునేవాడు.

అదిగో, అప్పుడు బుగ్గయ్య తమ్ముడు ఇస్తారికి బుర్రలో పురుగు తొలిచింది. నిప్పు నీళ్ళపైన ఉంటే కదా కట్ట మీద తిరిగే రజాకార్లకు కనబడేది, నీళ్ళలోపలే ఉంటే? ఎక్కడో లారీ డ్రైవరుకు నెలంతా చేపలు పోసి పాత బ్యాటరీ లైటు ఒకటి సంపాదించాడు. కిరాణా దుకాణంలో పిప్పరమెంట్లు పోసే గాజు సీసా, అంచు కాస్త పగిలినది, అడిగి తెచ్చుకున్నాడు. లైటు వెలిగించి సీసాలో తలకిందులుగా దింపాడు. గాలి ఉన్న సీసా మునగదు, కార్కులాగ తేలుతుంది. అందుకని వలకు కట్టే మట్టి గుండ్లు లోపల చుట్టూ పేర్చాడు. మూతికి సైకిలు ట్యూబు ముక్క బిగించి, పైన నల్లగుడ్డ కప్పి, వెదురు కర్రకు కట్టి నీళ్ళలోకి దించాడు. నీళ్ళు దారి చూసుకుని లోపలికి రానే వచ్చాయి. మళ్ళీ కట్టాడు, మళ్ళీ వచ్చాయి.

అప్పుడు వదినె గుర్తుకొచ్చింది మహానుభావుడికి. నర్సింహమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డు. వాళ్ళది పుట్టీలు, అంటే గుండ్రటి బుట్టపడవలు అల్లి, చుక్క నీరు దూరకుండా అతుకులు వేసే ఇల్లు. గుగ్గిలం కరిగించి, అందులో ఆముదం కలిపి పూయడం ఆమెకు చిన్నప్పటినుంచే చేతకొచ్చిన పని. ఆముదం ఎందుకంటే, వట్టి గుగ్గిలం గట్టిగా, నున్నగా, చూడముచ్చటగానే అతుక్కుంటుంది కానీ చల్లటి నీళ్ళు తగిలి కాసేపయ్యాక పెళుసెక్కి పగులుతుంది. నూనె పడితే సాగుతుంది, పట్టు వదలదు.

"వదినె, జర నీ చెయ్యి పడాలె," అన్నాడు ఇస్తారి.

అడిగితే ఎట్లా కాదంటుంది? పూసింది. నీళ్ళడుగున దీపం వెలిగింది. గట్టు మీదినుంచి చూస్తే చీకటే, పక్కన నిలబడి వంగి చూస్తే ఇసుకలో పాకే నత్త కూడా కనబడింది. వాడంతా ఇస్తారిని నెత్తిన పెట్టుకుంది. లైటు వెలిగించాలన్నా ఆర్పాలన్నా సీసా తెరవాలి కాబట్టి ఏ రోజుకారోజు కొత్తగా అతుకు వేయాలి. రోజూ పొద్దుగూకే వేళకు నర్సింహమ్మ పొయ్యి ముందు కూర్చుని పొగకు కళ్ళు నులుముకుంటూ గుగ్గిలం పూస్తుంది. పొద్దున సక్కుబాయి బోణీ చేస్తుంది. చేతులు కాలేది ఒకరికి, కొంగు నిండేది ఇంకొకరికి!

మొగుడికైనా ఉక్రోషం ఉందా అంటే, అదీ లేదు. బుగ్గయ్య తమ్ముడి వెనక బల్లెం పట్టుకుని పెళ్ళికి పోయినట్టు పోతాడు.

"నీకు సిగ్గన్పిస్తలేదా?" అని అడిగింది ఒకసారి.

"ఎందుకే? తమ్ముడు మస్తు తెలివిగల్లోడు," అన్నాడాయన. ఆ మాటకు నర్సింహమ్మ ఆ పూట అన్నం వడ్డించలేదు.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు శిఖంలోకి, వేసవిలో బయటపడే అంచు నేలలోకి, ఎక్కింది. ఒకరోజు సంతలో నర్సింహమ్మ బుట్టలో అన్నీ వేలెడు పరిగెలే. కొనేవాళ్ళు వంగి చూసి, మూతి తిప్పుకుని పోతున్నారు. సక్కుబాయి అది చూసింది. చంటిపిల్లను ఒళ్ళో సర్దుకుని, తన బుట్టలోంచి పెద్ద కొర్రమట్టనొకదాన్ని తీసి అందరి ఎదుటా అక్క బుట్టలో వేసింది.

"ఉంచుకో అక్కా. నాకు మస్తున్నయి."

వరుసలో ఎవరో "సక్కుబాయి మనసు మంచిది" అన్నారు. నర్సింహమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. బిచ్చం వేసింది ఈ పిల్ల నాకు, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల, నలుగురిలో నాకు బిచ్చం వేసింది. దారిపొడవునా ఇదే మాట లోపల కుతకుత ఉడికింది. ఆ చేప చచ్చిందో బతికిందో కూడా చూడలేదు, పక్కింటి కుక్కకు పారేసింది.

ఆ సాయంత్రం గుగ్గిలం కరిగించింది. ఆముదం సీసా చేతికందేంత దూరంలోనే ఉంది. దాని జోలికి పోలేదు. వట్టి గుగ్గిలమే సీసా మూతి చుట్టూ ఒత్తుగా పోసింది. ఏ రోజూ లేనంత నున్నగా, మెరుస్తూ వచ్చింది. నడివేటలో దీపం బుడుక్కుమని ఆరిపోతుంది, అందరూ ఇస్తారిని చూసి నవ్వుతారు. ఆమె కోరుకున్నది అంతే, అంతకుమించి ఏమీ కాదు.

గుగ్గిలం ఆరీ ఆరకముందే వాడ పెద్ద మల్లేశయ్య ఆయాసపడుతూ వచ్చాడు. మహేశ్వరం దిక్కునుంచి రజాకార్ల గుంపు బయల్దేరిందట, ఈ రాత్రికి ఊరి మీద పడతారట. బాట మీద పోతే ఎదురుపడతారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ శిఖంలోంచి అవతలి గట్టుకు దాటించాలి. నీళ్ళు నడుము దాటవు. కానీ కట్టకు మట్టి తవ్విన గుంతలు అడుగున ఎక్కడెక్కడ ఉన్నాయో కనబడవు, ఒక్కొక్కటి రెండు నిలువుల లోతు.

"ఇస్తారీ, నీ దీపమే దిక్కు," అన్నాడు మల్లేశయ్య.

ఇస్తారి దీపం కర్ర ఎత్తాడు. ఎత్తి, తిన్నగా తీసుకెళ్ళి అన్న చేతిలో పెట్టాడు.

"చేపలైతే నేను చూపిస్తనే అన్నా. మనుషులను నడిపియ్యాలంటే నువ్వే ముందుండాలె. నేను వెనకుండి ముసలోళ్ళను పట్టుకొస్త."

నర్సింహమ్మ చూపు సీసా మూతి మీదికి పోయింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కాస్త ఆముదం, కాస్త సేపు, అంతే కదా. ఏదో ఒక సాకు చెప్పి మళ్ళీ పూయొచ్చు కూడా. నోరు తెరిచింది. అప్పుడు బుగ్గయ్య మొహం కనబడింది. ఏడాదిగా వంగిన నడుము నిటారుగా లేచింది. "అందరు నా వెనకాల రాండ్రి, ఒకరి కొంగొకరు పట్టుకోండ్రి" అంటున్నాడు, వెనకటి గొంతుతో. వాడంతా ఆయన వైపు చూస్తోంది. ఎన్నాళ్ళకు! ఆ నిలబడిన మనిషిని చూస్తుంటే నర్సింహమ్మకు కళ్ళు నిండాయి. తెరిచిన నోరు మూసేసింది. కొద్దిదూరమే కదా, అంతసేపు ఆగుతుందిలే అనుకుంది. సీసాలో నీళ్ళు దూరుతాయని తెలిసిన మనిషే అట్లా అనుకుంది.

చీకటి పడగానే దిగారు. ముందు బుగ్గయ్య, ఆయన వెనక నర్సింహమ్మ, ఆమె కొంగు పట్టుకుని సక్కుబాయి, సక్కుబాయి వీపున గుడ్డలో చంటిపిల్ల. వెనక వాడంతా. నీళ్ళడుగున పచ్చటి వెలుగు పాకుతోంది. గుంత వచ్చిన చోటల్లా వెలుగు కిందికి జారిపోయి నల్లగా కనబడేది. బుగ్గయ్య దాన్ని చుట్టి తిప్పేవాడు. ఒకటి దాటారు, ఇంకొకటి దాటారు. నర్సింహమ్మ గుంతలను చూడటం లేదు. సీసా మూతినే చూస్తోంది. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

సగందాకా వచ్చారో లేదో, సీసా మూతినుంచి బుడగలు లేచాయి. వెలుగు ఎర్రబడింది. ఆరిపోయింది.

వెనక ఎవరో ఏడుపు అందుకున్నారు. "కదలకుండ్రి. ఉన్నకాడనే ఉండ్రి," అన్నాడు బుగ్గయ్య. అడుగును కాలితో తడుముకుంటూ కర్రతో పొడుచుకుంటూ ఒక్కో అడుగే వేశాడు. ఆయన కాలికి తెలుసు ఆ చెరువు. కానీ భయపడిన జనం వెనకనుంచి తోశారు. నర్సింహమ్మ కొంగు ఒక్కసారి బరువెక్కి, అంతలోనే తేలికయింది. సక్కుబాయి అరవడానికి కూడా వీలుచిక్కలేదు.

నర్సింహమ్మ ఆలోచించలేదు. నీళ్ళలోకి వంగి చెయ్యి తోసింది. జుట్టు దొరికింది. చేతికి చుట్టుకుని లాగింది. తల్లి తల నీళ్ళపైకి వచ్చింది, వీపున పిల్ల తల తరవాత వచ్చింది. బుగ్గయ్య వచ్చి ఇద్దరినీ గట్టి నేల మీదికి లాక్కున్నాడు. పిల్ల కాసేపు ఊపిరి తీయలేదు. ఆ కాసేపూ నర్సింహమ్మ ఎట్లా బతికి ఉందో ఆమెకే తెలియదు. తరవాత ఆ పిల్ల ఏడ్చింది.

ఆ రాత్రి ఊరి మీదికి ఎవరూ రాలేదు. వచ్చింది వట్టి పుకారే. అటు తరవాత కొద్దిరోజులకే యూనియన్ మిలిటరీ వచ్చింది, నిజాము లొంగిపోయాడు, చెరువు మీద నిప్పు వద్దనేవాడే లేకుండా పోయాడు. బుగ్గయ్య మళ్ళీ కాగడా ఎత్తాడు. చేపల వరుసలో మొదటి చోటు నర్సింహమ్మకు ఖాళీ చేసి పెట్టారు. పైగా వాడంతా ఆమెను పొగుడుతోంది, తోటికోడలిని గుంతలోంచి లాగిన మనిషని. ఒక్క వారం ఓపిక పట్టి ఉంటే చాలు, ఏ పాపం చేయకుండానే అంతా తిరిగొచ్చేది. ఇప్పుడామె ఆలస్యం చేయడం లేదు, కూర్చోగానే ఆకు తీసి బోణీ చేసేస్తోంది.

ఇస్తారి మాత్రం ఇల్లు కదలడం లేదు. ఒకరోజు మధ్యాహ్నం సక్కుబాయి పిల్లను చంకనేసుకుని నర్సింహమ్మ వాకిట్లోకి వచ్చింది. రెండిళ్ళకూ వాకిలి ఒక్కటే. వాకిలి చివర బుగ్గయ్య కాగడాకు గుడ్డ చుడుతున్నాడు.

"అన్నం ముడ్తలేడక్కా," అంది. "నా చేతులతోనే పెండ్లాన్ని, బిడ్డను చంపుకుంటుంటి అంటడు. ఇగ చెరువుల కాలు పెట్టడంట. నాదర్‌గుల్‌కు పోయి కూలి చేస్కుంటడంట. సీసా పగులును సూస్కోలేదు, నాదే తప్పంటడు."

నర్సింహమ్మ చేట కింద పెట్టింది. 

సక్కుబాయి తల వంచుకుంది. "ఇంకోటి గూడ చెప్పాలె. నిన్ను చూసి నేను కుళ్ళుకునేదాన్ని అక్కా. ముందట కూసున్న గానీ అందరు నీ పనితనమే చెప్పుకుంటుండ్రి, ఆ అతుకు లేకుంటె దీపం యాడిదనుకుంట. గా రోజు చేప ఏసింది గూడ నువ్వు చిన్నబోవాలనే. గా పాపానికే గుంతల పడ్డ. నువ్వేమో నన్ను తీసినవ్." అని వంగి నర్సింహమ్మ కాళ్ళు పట్టుకుంది.

నిప్పు తొక్కినట్టు నర్సింహమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ముట్టకు. గుగ్గిలంల నూనె కలుపలేదు నేను. ఎరికుండే కలుపలేదు. ఇస్తారి తప్పు లేదు."

సక్కుబాయి అట్లాగే నేల మీద కూర్చుని ఆమె మొహంలోకి చూసింది. పిల్ల గాజులు లాగుతున్నా పట్టించుకోలేదు. తిడుతుందేమో, కొడుతుందేమో అని నర్సింహమ్మ ఎదురుచూసింది. అట్లా చేసినా బాగుండేది.

"దీపం నీ మొగని చేతిల పెట్టినంక గూడ చెప్పకపోతివా?" అని అడిగింది సక్కుబాయి, మెల్లగా.

"ఆయన అందరి ముందట నిలవడంగ చూసిన," అంది నర్సింహమ్మ. "నోరు రాలె."

సక్కుబాయి పిల్లనెత్తుకుని లేచింది. తన గుమ్మం ముందు నిలబడి లోపలున్న ఇస్తారికి వినబడేట్టు, "ఓ అయ్యా, లేసి బువ్వ తిను. తప్పు నీది కాదంట" అంది. ఈసారి అక్క అనలేదు, పేరు కూడా ఎత్తలేదు.

వాకిలి చివర గుడ్డ చుట్టే చేతులు ఎప్పుడో ఆగిపోయాయి. బుగ్గయ్య లేచి, నర్సింహమ్మ పక్కనుంచే నడిచి, ఆమె మొహం చూడకుండా తమ్ముడి ఇంట్లోకి పోయాడు.