మూడుసార్లు వద్దన్నాను

అక్క ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్ళిన కాగితంలో ఇలా ఉంది: బార్బద్‌ను ఎనిమిదింటికి లేపాలి. గోళ్ళు తీయాలి. మష్ది కొట్టులో సోయికూర, వెల్లుల్లి, ఆరు నాటు గుడ్లు తేవాలి. అమ్మకు మధ్యాహ్నం బీపీ మాత్ర ఇవ్వాలి. బాగాలా వాడి కంట పడకూడదు.

చివరి మాట కింద పెన్నుతో ఎంత గట్టిగా గీసిందంటే, అక్కడ కాగితం చిరిగిపోయింది.

బాగాలా అంటే చిక్కుడు జాతి గింజ. వసంతం వస్తే మా రష్త్ ఊరంతా అదే తింటుంది. అక్క నాలుగేళ్ళ కొడుకు బార్బద్‌కు మాత్రం అది విషం. నాలుగు గింజలు కడుపులో పడితే చాలు, ఒంట్లో రక్తం విరిగిపోతుంది. మా అమ్మ తొలిచూలు కొడుకు వీడి వయసులోనే అలా పోయాడట. ఆ రోజుల్లో దానికి పేరు తెలియక దిష్టి అనుకున్నారు. ఇప్పుడు పేరు తెలిసినా అమ్మ బయటికి చెప్పనివ్వదు. "వీడి రక్తం మంచిది కాదని వీధికి చాటితే, రేపు వీడికి పిల్లనెవరిస్తారే?" అంటుంది. మా వంశంలో డిగ్రీ తీసుకున్న మొదటి మనిషిని నేను. అయినా అమ్మ మాటకు ఎదురు చెప్పలేదు.

అక్క లాహీజాన్‌లో తేయాకు ఫ్యాక్టరీ పని మీద ఉంది. పిల్లవాడి చేయి పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. తక్కెడ పక్కన ఒక గిన్నెలో ఉడికించిన బాగాలా పొగలు కక్కుతోంది. వాణ్ణి నా వెనక్కి లాక్కున్నాను.

"రావమ్మా ఇంజనీరమ్మా! కొట్టుకు వెలుగొచ్చింది," అన్నాడు కొట్టు యజమాని మష్ది ఫరజుల్లా.

"నేను చదివింది రసాయన శాస్త్రం, మష్దీ. ఇంజనీరింగ్ కాదు."

"ఏదైతేనేం తల్లీ, చదివావుగా. నా యూనివర్సిటీ ఈ తూకం రాళ్ళే."

"అందుకేనా అవి కిలోకు తొమ్మిది వందలే తూగుతాయి?" అంది వెనక నిలబడ్డ మా వీధి ఆవిడ. పక్కనున్న ఇంకో ఆవిడ పగలబడి నవ్వింది.

మష్ది కూడా నవ్వుతూనే గిన్నెలో చెయ్యి పెట్టాడు. "బుజ్జిగాడికి ఓ గుప్పెడు. మా ఆవిడ ఇప్పుడే దించింది."

"మీ చేతికి నొప్పి తెలియకూడదు మష్దీ, వద్దు," అన్నాను. మా ఊళ్ళో థాంక్స్ చెప్పే మాట అది.

"అదేం మాట! నా కొట్టుకొచ్చి ఉత్త చేతుల్తో పోతాడా?"

"నిజంగా వద్దండీ. ఇప్పుడే తిని వచ్చాడు."

"గింజలు నమలడానికి ఆకలెందుకే పిచ్చిపిల్లా?"

"బలవంతపెట్టకండి. మీరు చల్లగా ఉండాలి."

మా ఊళ్ళో మొదటి వద్దు మర్యాద, రెండోది ప్రేమ, మూడోది ఇచ్చేవాడు ఇంకొంచెం బతిమాలాలని. ఇది నాకు తెలియనిది కాదు. వాడికి పడదు అన్న రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. వెనక ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆ రెండు మాటలూ మింగేశాను. మష్ది చెయ్యి దించాడు. నాకు ఊపిరాడింది. గుడ్లు ఒక్కొక్కటీ బల్బుకు అడ్డంపెట్టి మంచివి ఏరుకున్నాను. ఆరు గుడ్లకు ఎంతసేపు పడుతుంది?

ఇంటికొచ్చి సోయికూర తరుగుతుంటే అమ్మ పిలిచింది. పిలుపు కాదది, కేక. తివాచీ మీద గింజ తొక్కలు పడి ఉన్నాయి. బార్బద్ కోటు జేబులో ఇంకా నాలుగు గింజలున్నాయి.

"మష్ది తాత ఇచ్చాడు," అన్నాడు వాడు. "పిన్నికి చెప్పొద్దన్నాడు."

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని తిన్నాడు?" వాడిని అడిగితే "చాలా" అన్నాడు. వాడికి మూడు దాటితే చాలానే. అమ్మను వాడి దగ్గర కూర్చోబెట్టి కొట్టుకు పరిగెత్తాను.

"ఎన్నిచ్చారు మష్దీ?"

"ఎన్నేమిటమ్మా, గుప్పెడు..." నా మొహం చూసి ఆగిపోయాడు. సంగతి చెప్పాను. మళ్ళీ గిన్నెలో చెయ్యి పెట్టి, అప్పటిలాగే గుప్పిట మూసి, బల్ల మీద తెరిచాడు. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. పదకొండు. అంటే ఏడు తిన్నాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదే, ఇంజనీరమ్మా."

"సిగ్గేసింది మష్దీ."

ఆయన పట్టపగలే షట్టరు దించి నా వెంట వచ్చాడు.

"మూత్రం రంగు చూస్తూ ఉండండి. రెండు రోజులు గడిస్తే గట్టెక్కినట్టే. టీ రంగు వస్తే మాత్రం పరుగున నా గదికి రండి," అన్నాడు డాక్టరు. వాడు పోసినప్పుడల్లా ప్లాస్టిక్ కప్పును కిటికీ వెలుగుకు పట్టి చూశాను, పొద్దున గుడ్లను చూసినట్టే. తెలుపు. పసుపు. మళ్ళీ పసుపు. అమ్మ జపమాల తిప్పుతూ పోయిన కొడుకు పేరు పెట్టి వీణ్ణి పిలిచింది. మష్ది నడవాలో గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క దిగేసరికి నా చేతిలోని కప్పులో ముదురు టీ ఉంది.

అక్క నన్ను తిట్టలేదు. కప్పు లాక్కుని డాక్టరు గదికి పరిగెత్తింది. వాడి పెదవులు సున్నం రంగుకు తిరిగాయి, కళ్ళు పచ్చబడ్డాయి. రెండు సీసాల రక్తం ఎక్కించారు. మూడో రోజున "నాకు ఆకలేస్తోంది" అన్నాడు. నడవాలో ఉన్న మష్దికి ఆ మాట చెబితే, ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. ఎవరు మొదటిసారి వద్దన్నా చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. రెండోసారి అడిగేవాడు కాదు. "ముసలాడికి చెయ్యి ముడుచుకుపోయింది," అంది వీధి. "మొన్న నా మనవడికి ఓ ఖర్జూరం ఇవ్వబోయి, వద్దనగానే డబ్బాలో వేసేసుకున్నాడమ్మా!" అని నవ్వారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మా బార్బద్ పేరు బయటపడుతుంది.

పోయిన శీతాకాలంలో ఆయన చనిపోయాడు. కర్మ రోజున హల్వా తింటూ ఒకావిడ, "మంచివాడే, పాపం, కానీ పిసినారి," అంది. ఈసారి నేను మాట మింగలేదు. పిల్లవాడి జబ్బు పేరుతో సహా అందరి ముందూ చెప్పాను. అమ్మ తల వంచుకుంది కానీ ఆపలేదు.

మీరూ ఎప్పుడైనా మా వైపు వస్తే, ఆ వీధిలో ఎవరైనా ఆయన్ని పిసినారి అంటే, మష్ది ఫరజుల్లాను ఇలా గుర్తుంచుకోండి: వద్దంటే వద్దనే విన్న మనిషి.